దారి దుమ్మును బట్టే ఎయిర్ ఫిల్టర్

కొత్తగూడెంలో ఒక మెకానిక్ షెడ్డు. నా యమహా ఆర్15 స్పోర్ట్ బండి సైడ్ ప్యానెళ్లు విప్పి, ఎయిర్ ఫిల్టర్ బయటికి తీసి, మెకానిక్ దాన్ని ఎండకు పట్టి చూశాడు. మడతల్లోకి వేలి గోరు పోనిచ్చి గీకాడు. గోటికి అంటింది ఎర్రగా లేదు, నల్లగా ఉంది. "సత్తుపల్లి దిక్కు బాగా తిరుగుతున్నట్టున్నవ్ అన్నా" అన్నాడు. నిజమే. అంతకుముందు రెండు నెలలు పని మీద వారానికి రెండుసార్లు సత్తుపల్లి వెళ్లొచ్చాను, దారిలో చాలాసేపు బొగ్గు టిప్పర్ల వెనకే.

నేను ఎక్కడ తిరిగానో ఆ కాగితం మడతలు చూసి చెప్పాడాయన. ఆ రోజు నుంచి ఫిల్టర్‌ను విడిభాగంగా కాక, బండి తిరిగిన దారుల చిట్టాగా చూడటం అలవాటైంది. ఖమ్మం నుంచి భద్రాచలానికి సుమారు 120 కిలోమీటర్లు. ఇంత చిన్న దూరంలో ఇన్ని రకాల దుమ్ము పట్టే దారులు తెలుగు నేల మీద ఎక్కువ ఉండవు. ఖమ్మం చుట్టూ గ్రానైటు కోసి నునుపు చేసే యూనిట్ల తెల్లటి పొడి. ఊరు దాటితే చల్కా నేలల ఎర్ర దుమ్ము. ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు, సత్తుపల్లి దారుల్లో బొగ్గు. పాల్వంచ దగ్గర థర్మల్ కేంద్రం బూడిద. బూర్గంపాడు, సారపాక దాటి వంతెన ఎక్కితే గోదావరి ఇసుక లారీలు. అవతల దుమ్ముగూడెం, చర్ల వైపు అడవిలోకి దిగితే మళ్లీ మట్టి బాటలు.

ఇవన్నీ ఇంజిన్ దృష్టిలో ఒకటి కావు. ఆ తేడా తెలియకుండా ఫిల్టర్ కొనేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. లక్షన్నర, రెండు లక్షలు పెట్టి కొన్న బండిలో కొన్ని వందల రూపాయల కాగితం విషయంలో పొరబడుతున్నారు.

ముందు గాలి సంగతి. మనం బంకులో లీటర్ల లెక్కన పెట్రోలు కొంటాం కాబట్టి ఇంజిన్ తాగేది పెట్రోలే అనుకుంటాం. నిజానికి అది ఎక్కువగా తాగేది గాలి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలు ముప్పావు కిలో ఉంటుంది. అంటే దానికి దాదాపు 11 కిలోల గాలి, మన ఎండల్లో 9 వేల లీటర్లకు పైగా. పెళ్లిళ్లకు తెప్పించే 5 వేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లు రెండు ఊహించుకోండి. ఒక్క లీటరు పెట్రోలుకు అవి దాదాపు నిండేంత గాలి ఆ చిన్న ఫిల్టర్ డబ్బాలోంచి పోవాలి. ఇంకోలా చూస్తే, 155 సీసీ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి సిలిండర్ నిండా గాలి పీల్చుకుంటుంది. నిమిషానికి 10 వేల చుట్ల దగ్గర అది సెకనుకు దాదాపు 13 లీటర్లు. స్పోర్ట్ బండిని ఆ చుట్ల దగ్గర నడపడం కోసమే కొంటారు కాబట్టి మామూలు బండికన్నా దీని ఫిల్టర్‌కు పని ఎక్కువ.

ఇప్పుడు దుమ్ము లెక్క చూద్దాం. లీటరుకు 40 కిలోమీటర్లు ఇచ్చే బండి 10 వేల కిలోమీటర్లు తిరిగితే 250 లీటర్ల పెట్రోలు, సుమారు 2,250 ఘనపు మీటర్ల గాలి. మన దేశంలో గాలిలో ఉండదగ్గ ధూళికి, అంటే పీఎం 10కి, 24 గంటల పరిమితి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. ఆ పరిమితిలో ఉన్న గాలే మొత్తం పీల్చిందనుకుంటే, 10 వేల కిలోమీటర్లకు ఫిల్టర్ మీద పడే ధూళి పావు గ్రాముకు మించదు. చిటికెడు కూడా కాదు. కానీ అందులో 500 కిలోమీటర్లు మట్టి రోడ్డు మీద టిప్పర్ వెనకాల నడిచిందనుకోండి. అక్కడ ఘనపు మీటరుకు గ్రాములో పదోవంతు దుమ్ము ఉందని లెక్క వేద్దాం. ఇదేమీ అతిశయోక్తి కాదు. ప్రయోగశాలలో ఫిల్టర్లను పరీక్షించేటప్పుడు ఘనపు మీటరుకు ఒక గ్రాము చొప్పున పోస్తారు. మన లెక్క ప్రకారం ఆ 500 కిలోమీటర్లే 11 గ్రాములకు పైగా దుమ్ము తెస్తాయి. ప్రయాణంలో ఇరవయ్యో వంతు, దుమ్ములో మాత్రం మిగతా దారంతటికీ యాభై రెట్లు.

అందుకే సర్వీసు పుస్తకంలోని కిలోమీటర్ల అంకె మన ప్రాంతానికి సగమే పనికొస్తుంది. చాలా కంపెనీలు 10 నుంచి 20 వేల కిలోమీటర్ల మధ్య ఏదో ఒక అంకె చెప్పి, దుమ్ము ప్రాంతాల్లో ఇంకా ముందే మార్చమని కింద చిన్న అక్షరాల్లో రాస్తాయి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వాసి మొదట చదవాల్సింది ఆ చిన్న అక్షరాలే.

ఏ దుమ్ము ఎంత చేటు? ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలమానం మీద బొగ్గు 2, 3 దగ్గరే ఆగిపోతుంది. క్వార్ట్జ్ 7. గోదావరి ఇసుకలో ఉన్నది ప్రధానంగా ఆ క్వార్ట్జే. గ్రానైటు పొడిలో పుష్కలంగా ఉన్నదీ అదే. చల్కా మట్టికి ఎరుపు ఇచ్చేది ఐరన్ ఆక్సైడ్, కానీ ఆ ఎర్ర పూత కింద ఉన్న రేణువు తరచు క్వార్ట్జే అవుతుంది. థర్మల్ బూడిద అంటే మంటలో కరిగి గడ్డకట్టిన సిలికా, అల్యూమినా గాజు గోళీలు. కంటికి ఆనవు గానీ గట్టివి. చూడటానికి భయంకరంగా ఉన్న నల్ల బొగ్గు పొడి కాగితాన్ని పూడ్చేస్తుంది తప్ప సిలిండర్‌ను అంతగా గీయదు. చూపుకు హాని లేనట్టుండే తెల్ల పొడి, ఇసుక రేణువు గీస్తాయి. నా గోటికి అంటిన నలుపును చూసి నేను కంగారు పడ్డాను. మెకానిక్ మాత్రం మడతల అడుగున మెరుస్తున్న నాలుగైదు రేణువులు చూపించి, చూడాల్సింది వీటిని అన్నాడు. ఆయన చదువు ఎంతో నాకు తెలియదు. ఆ మాట మాత్రం శాస్త్రం చెప్పేదే.

పిస్టన్ రింగుకు, సిలిండర్ గోడకు మధ్య ఉండే ఆయిల్ పొర మందం కొద్ది మైక్రాన్లు. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. ఆ పొరకన్నా కాస్త పెద్దదైన రేణువు, రమారమి 5 నుంచి 20 మైక్రాన్ల మధ్యది, లోపలికి వస్తే రెండు గోడలనూ తాకుతూ గీసుకుంటూ పోతుంది. నిమిషానికి కొన్ని వేలసార్లు. పాత బండ్లలో సిలిండర్ అరిగితే బోరింగ్ చేయించి పెద్ద పిస్టన్ వేసేవారు. ఇప్పటి స్పోర్ట్ బండ్లలో చాలావాటికి ఇనుప లైనర్ లేదు. యమహా ఆర్15లో సిలికాన్ ఎక్కువ కలిపిన అల్యూమినియం సిలిండర్, మరికొన్నింట్లో నికెల్, సిలికాన్ కార్బైడ్ పూత. అవి బాగా గట్టివే, కానీ అరిగాక సాధారణంగా బోరింగ్‌కు పనికిరావు. సిలిండర్ మొత్తం మార్చుకోవాలి.

మరి ఈ రేణువులను ఫిల్టర్ ఎలా పడుతుంది? పిండి జల్లెడలా పడుతుందని చాలామంది అనుకుంటారు. జల్లెడ పద్ధతి ఉన్నా అది పెద్ద రేణువులకే. కాగితం పోగుల మధ్య ఖాళీలు చాలా రేణువులకన్నా పెద్దవి. అయినా పట్టుబడతాయి. ఎలాగో చూడాలంటే చింతూరు దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కాలి. మలుపు దగ్గర బైకు ఒంగి తిరిగిపోతుంది. అతిగా లోడెత్తిన లారీ వేగంగా వస్తే తిరగలేక నేరుగా గట్టును గుద్దుకుంటుంది. కాగితం పోగు ఎదురైనప్పుడు గాలి దాని చుట్టూ ఒంపు తిరుగుతుంది, బరువైన రేణువు తిరగలేక పోగుకు కొట్టుకుని అంటుకుంటుంది. మధ్యరకం రేణువు గాలితో పాటే తిరుగుతుంది గానీ, బస్సు పక్క అద్దం కొమ్మకు రాసుకున్నట్టు పోగు అంచును రాసుకుని ఆగిపోతుంది. మరీ చిన్నవాటిని గాలి అణువులే అటూ ఇటూ నెడుతుంటాయి. దీపం చుట్టూ తిరిగే పురుగు ఎప్పుడో ఒకప్పుడు చిమ్నీకి తగిలినట్టు అవీ ఏదో పోగుకు తగులుతాయి. వీటన్నిటి నుంచీ తప్పించుకునేవి ఎక్కువగా 0.3 మైక్రాన్ చుట్టుపక్కల రేణువులు. అవి ఆయిల్ పొరలో మునిగిపోయేంత చిన్నవి కాబట్టి పిస్టన్‌కు వాటి బాధ తక్కువ.

ఇక్కడే అసలు ఆశ్చర్యం ఉంది. కొంచెం దుమ్ము పట్టిన ఫిల్టర్ కొత్త ఫిల్టర్‌కన్నా బాగా వడకడుతుంది. వాగు ఇసుకలో కోయ పల్లెల వాళ్లు తవ్వుకునే చెలమ తలచుకోండి. వాగు నీరు మడ్డిగా ఉన్నా చెలమలో ఊరే నీరు తేటగా ఉంటుంది, ఇసుక రేణువుల మధ్య సందులే జల్లెడ అయ్యాయి కాబట్టి. ఫిల్టర్ మీద మొదట పడిన దుమ్ము కూడా అలాగే ఒక పొరగా కట్టి, తర్వాత వచ్చే దుమ్మును తానే ఆపుతుంది. గాలి లాగడం కష్టమయ్యేదాకా ఆ పొర మనకు మిత్రుడే.

ఈ ఒక్క విషయం అర్థమైతే, మన దగ్గర జరిగే అతి పెద్ద తప్పు కళ్లముందు కనిపిస్తుంది. వారం వారం ఫిల్టర్ ఊడదీయించి, పంక్చర్ షాపు దగ్గర గాలి కొట్టించడం! ఆ కంప్రెసర్ ఒత్తిడి 100 పీఎస్‌ఐ దాటి ఉంటుంది. దగ్గర పెట్టి కొడితే పోగులు చీలి, కంటికి కనిపించని తూట్లు పడతాయి. బయటి వైపు నుంచి కొడితే దుమ్ము వెనక్కి రాదు, ఇంకా లోపలికి దిగుతుంది. పైగా చాలా బండ్లలో ఇప్పుడు వచ్చేది నూనె పట్టించిన కాగితం. దుమ్ము అంటుకునేది ఆ జిగటకే. గాలి కొడితే ఆ నూనె ఎగిరిపోతుంది, మిగిలేది ఒట్టి అట్ట. అలాంటి ఫిల్టర్‌ను శుభ్రం చేయకూడదు, మార్చాలి అని యజమాని పుస్తకంలోనే ఉంటుంది. పొడి కాగితం ఫిల్టర్ అయితే మెల్లగా తట్టి, తక్కువ ఒత్తిడితో, శుభ్రంగా ఉన్న వైపు నుంచి మురికి వైపుకు గాలి పంపవచ్చు. అదీ ఒకటి రెండుసార్లే. తీసి పెట్టిన ప్రతిసారీ డబ్బా అంచు మీది దుమ్ము ఇంజిన్ వైపు రాలే ప్రమాదం ఉంటుంది.

ఇక ఏది కొనాలి? దుకాణంలో మూడు రకాలు కనిపిస్తాయి. కంపెనీ కాగితం ఫిల్టర్, ఫోమ్ ఫిల్టర్, నూనె రాసిన నూలు గుడ్డ ఫిల్టర్. మూడోది కడిగి మళ్లీ వాడుకోవచ్చు. అమెరికాలో రేసుల వాళ్ల మధ్య పేరు తెచ్చుకున్నది అదే. దాని అట్టపెట్టె మీద ఎక్కువ గాలి, ఎక్కువ శక్తి అని ఉంటుంది. గాలి ధారాళంగా పోవాలంటే పోగుల మధ్య సందులు పెద్దవి కావాలి. సందులు పెద్దవైతే దుమ్మూ సులువుగా పోతుంది. ఈ బేరం నుంచి ఏ కంపెనీ తప్పించుకోలేదు. రేసు ట్రాక్ తారు మీద దుమ్ము తక్కువ, ఇంజిన్‌ను తరచు విప్పి చూస్తారు కాబట్టి అక్కడ ఆ బేరం లాభమే. మన సంగతి వేరు. పైన వేసిన లెక్కలోని 11 గ్రాముల్లో నూటికి 99.5 వంతులు పట్టే ఫిల్టర్ అర గ్రాములో పదోవంతు లోపలికి వదులుతుంది. 97 వంతులు పట్టేది మూడోవంతు గ్రాము వదులుతుంది. 99.5కూ 97కూ తేడా చూడటానికి రెండున్నరే. సిలిండర్ గోడకు మాత్రం అది ఆరు రెట్లు.

అందుకే ఫిల్టర్ కొనేటప్పుడు ఎంత గాలి వదులుతుందని కాక, ఎంత దుమ్ము ఆపుతుందని అడగాలి. దానికి ఐఎస్ఓ 5011 అనే అంతర్జాతీయ పరీక్ష ఉంది. అమెరికాలోని అరిజోనా ఎడారి దుమ్మును రేణువుల సైజు ప్రకారం వేరుచేసి, తూచి, ఫిల్టర్ మీద పోసి చూస్తారు. పెట్టె మీద గానీ కంపెనీ పత్రంలో గానీ ఈ పరీక్ష అంకె లేని ఫిల్టర్‌ను నేను బండిలో పెట్టను. ఖమ్మం–భద్రాచలం మధ్య రోజూ తిరిగేవాళ్లకు నా తీర్పు ఒక్కటే: కంపెనీ కాగితం ఫిల్టర్, పార్టు నంబరు సరిచూసుకుని. నకిలీవి బజారులో ఉన్నాయి. మడతలు ఎడంగా ఉన్నా, జిగురు పలచగా ఉన్నా, చుట్టూ రబ్బరు అంచు గట్టిగా పెళుసుగా ఉన్నా తిప్పి ఇచ్చేయండి. అడవి బాటల్లో తిరగడమే వృత్తి అయినవాళ్లకు నూనె పట్టించిన ఫోమ్ కూడా మంచిదే, కానీ దాన్ని క్రమం తప్పకుండా కడిగి, ఆరబెట్టి, సమంగా నూనె పట్టించే ఓపిక ఉండాలి. పెట్రోలుతో కడిగితే ఫోమ్, జిగురు రెండూ దెబ్బతింటాయి.

దుమ్ము ఇంజిన్‌ను తింటుందని తొలిరోజుల్లోనే బాగా తెలిసివచ్చింది పొలాల్లో. 1915లో అమెరికాలో ట్రాక్టర్లు అమ్మే ఫ్రాంక్ డొనాల్డ్‌సన్ అనే ఆయన, ఒక రైతు ట్రాక్టరు మాటిమాటికీ పాడవడానికి కారణం దుమ్మేనని గుర్తించి గాలి వడపోత పరికరం తయారుచేశాడు. ఆ పేరుతోనే ఈనాటికీ పెద్ద ఫిల్టర్ల కంపెనీ నడుస్తోంది. మన రైతులకు ట్రాక్టరు ఆయిల్ బాత్ సంగతి చెప్పనక్కర్లేదు. గిన్నెలో ఆయిల్ నల్లబడి చిక్కబడితే పారబోసి కొత్తది పోస్తారు. అదే ఇంట్లో కొడుకు స్పోర్ట్ బండికి మూడేళ్లయినా ఫిల్టర్ మార్చని ఇళ్లు నేను చూశాను.

కుర్రవాళ్లలో ఇంకో మోజు ఉంది. ఫిల్టర్ డబ్బా తీసేసి, శంఖం ఆకారపు ఫిల్టర్ నేరుగా బిగించడం. బండి గర్జిస్తుంది, శక్తి పెరిగినట్టే ఉంటుంది. ఆ డబ్బా ఊరికే పెట్టింది కాదు తమ్ముళ్లూ. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒక స్వరం వస్తుంది కదా, డబ్బా లోపలి గాలి కూడా అలాగే ఒక లయలో ఊగుతుంది. ఆ లయ ఇంజిన్ గాలి పీల్చే సమయానికి కుదిరేలా దాని పరిమాణం లెక్కకట్టి పెడతారు. డబ్బా తీసేస్తే మధ్య చుట్ల దగ్గర లాగుడు తగ్గే అవకాశమే ఎక్కువ. పెరిగేది చప్పుడు. ఎదురుగాలి నేరుగా లోపలికి దూసుకొచ్చి శక్తి పెంచుతుందన్న మాటా వింటుంటాం. 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి వల్ల పెరిగే ఒత్తిడి మామూలు వాతావరణ పీడనంలో అర శాతం కూడా ఉండదు. దానికోసం ఫిల్టర్ మూతిని టిప్పర్ దుమ్ముకు ఎదురుపెట్టడం దండగ.

మైలేజీ గురించి కూడా ఒక మాట. ఫిల్టర్ పూడుకుపోతే మైలేజీ పడిపోతుందన్నది కార్బురేటర్ కాలపు నిజం. అప్పట్లో గాలి తగ్గినా పెట్రోలు అంతే వచ్చేది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 నిబంధనలతో వస్తున్న బండ్లలో దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. అది వచ్చిన గాలికి తగినంతే పెట్రోలు చిమ్ముతుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో ఇంజెక్షన్ కార్ల మీద పరీక్షించి, పూడుకుపోయిన ఫిల్టర్ వల్ల మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాదని, వేగం అందుకోవడంలోనే మందగిస్తుందని తేల్చింది. కాబట్టి మైలేజీ బాగుంది కదా, ఫిల్టర్ బాగానే ఉందనుకోవద్దు. పై చుట్ల దగ్గర బండి బిగుసుకున్నట్టు ఉంటే అనుమానించండి.

మార్చడం పెద్ద పని కాదు, తొందర మాత్రం పనికిరాదు. ముందుగా బండి పైనంతా తడిగుడ్డతో తుడవాలి. సీటు, సైడ్ ప్యానెల్, కొన్ని బండ్లలో ట్యాంకు బోల్టులు విప్పాల్సి వస్తుంది. విప్పిన స్క్రూలను వరసగా కాగితం మీద పెట్టుకుంటే ఏది ఎక్కడిదో తెలుస్తుంది. ఫిల్టర్ బయటికి రాగానే ఇంజిన్‌కు వెళ్లే గొట్టం మూతిని శుభ్రమైన గుడ్డతో మూసేయండి. అందులో పడిన చిన్న నట్టు, ఎండుటాకు ముక్క ఖరీదు ఏమిటో మెకానిక్‌లకు తెలుసు. పల్లెల్లో నిలిపిన బండ్ల డబ్బాల్లో వడ్ల పొట్టు, ఎలుక పెట్టిన గూడు కనిపించడం కూడా ఉంది. డబ్బా అడుగున చిన్న గొట్టం ఉంటుంది, దాని చివరి బిరడా తీసి అందులో చేరిన నీళ్లు, నూనె ఒంపేయాలి. కొత్త ఫిల్టర్ బాణం గుర్తు చూసి, రబ్బరు అంచు చుట్టూ సమంగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూసి, స్క్రూలను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి.

మన దగ్గర కాలాన్ని బట్టి దుమ్ము మారుతుంది. దసరా దాటాక పత్తి లారీల వెంట దూది పోగులు గాలి లోపలికి వెళ్లే మూతికి చుట్టుకుంటాయి. కోతలప్పుడు హార్వెస్టర్ల పొట్టు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్ల కింద ఆకులు కాలుస్తారు. ఆ పొగ మసి గీయదు గానీ కాగితాన్ని త్వరగా పూడుస్తుంది. వానాకాలంలో తడిసిన కాగితం ఉబ్బి గాలి వదలదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అలాంటి వరదలో మునిగిన బండి స్టార్టర్ మాత్రం నొక్కవద్దు. సిలిండర్‌లో నీరుంటే అది కుదించుకోదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ముందు ఫిల్టర్ తీసి, డబ్బా చూసి, ప్లగ్గు విప్పాలి.

టిప్పర్ వెనక పడ్డప్పుడు ఓవర్‌టేక్ కుదరకపోతే కాస్త వెనక్కి తగ్గండి. దూరం పెరిగేకొద్దీ బరువు రేణువులు నేలకు దిగిపోతాయి. ఈసారి ఫిల్టర్ మార్చేటప్పుడు ఇంకొక పని కూడా చేయండి. ఫిల్టర్ తీశాక డబ్బాలో ఇంజిన్ వైపు గోడను తెల్లటి గుడ్డతో ఒకసారి తుడవండి. గుడ్డ తెల్లగానే ఉంటే కొత్త ఫిల్టర్ పెట్టుకుని ఇంటికి వెళ్లండి. దానికి ఎర్రటి గీత అంటిందంటే దుమ్ము ఎక్కడో పక్కదారిన లోపలికి వస్తున్నట్టు. అది ఎక్కడిదో పట్టుకునేదాకా మూత బిగించనివ్వకండి.